మూడేళ్లు నిండని పిల్లవాడు

పోయిన నెలలో మా అమ్మాయి తన చిన్న కూతుర్ని నల్లగొండలో ఒక ప్లే స్కూల్లో వేస్తానంటూ నన్ను కూడా వెంటబెట్టుకుని పోయింది. గోడల నిండా ఏనుగులూ సీతాకోకచిలుకలూ, గదికొక రంగు, ప్రతి తలుపు మీదా ఇన్నేళ్ల నుంచి ఇన్నేళ్ల దాకా అని అంకెలు. బల్ల వెనుక కూర్చున్న పిల్ల, మా అమ్మాయి కన్నా చిన్నదే, పుట్టిన తేదీని కంప్యూటర్లో కొట్టి చూసి, మీ పాపకు మూడేళ్లు నిండడానికి ఇంకా నెలన్నర తక్కువుంది కాబట్టి పెద్ద పిల్లల గదిలో కుదరదు, చిన్నవాళ్లతోనే ఉంచాలి అని నవ్వుతూ చెప్పింది. అందులో తప్పేమీ లేదు. ఆ నవ్వులోనూ తప్పు లేదు. పదేళ్ల కిందట అచ్చం అలాగే నవ్వుతూ అదే మాట నేనూ ఒక తల్లికి చెప్పాను. నేను గబుక్కున లేచి గుమ్మం దాకా పోయాను. మా అమ్మాయి కంగారుపడి ఏమైందమ్మా అంటే ఎండ తగిలినట్టుందన్నాను. బయటేమో పొద్దుటి నుంచీ ముసురు పడుతోంది.

మన ఈడు వాళ్లకు వయసు లెక్కలు ఏం తెలుసు చెప్పండి. మా బాపు నన్ను బడిలో వేయడానికి తీసుకుపోయిన నాడు, సారు నా కుడి చేతిని తల మీదుగా తెచ్చి ఎడమ చెవి అందుతుందో లేదో చూశాడు, అందింది గనుక అయిదేళ్లన్నాడు, పుట్టిన తేదీ కింద జూన్ నెలలో ఒక రోజు తన ఇష్టం వచ్చినట్టు వేసుకున్నాడు. మా తరగతిలో ముప్పావు మందిమి జూన్‌లోనే పుట్టాం. మా అవ్వనడిగితే నేను పెసళ్లు కోసేటప్పుడు పుట్టానని చెప్పేది, ఏ ఏడు పెసళ్లో ఆమెకు గుర్తులేదు. ఆ లెక్కతోనే పెళ్లిళ్లు చేసుకున్నాం, పిల్లల్ని కన్నాం, ఎవరికీ ఏ లోటూ రాలేదు.

అలాంటి జూన్ పిల్లనైన నేను, పోచంపల్లికి కూతవేటు దూరంలో ఉన్న మా నేత ఊళ్లో పసిపిల్లల కేంద్రానికి టీచరమ్మనయ్యాను. మా ఇంటాయనది మగ్గమే. మా ఊళ్లో మగవాళ్లు మగ్గం మీద కూర్చుంటే ఆడవాళ్లు ఆసు పోసేవాళ్లు, అంటే రంగులు అద్దకముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పడమన్నమాట, ఒక్క చీర నూలుకే వేలసార్లు చెయ్యి లేచి దిగాలి, మధ్యలో చంటిది వచ్చి పోగు పట్టి లాగితే ఆ పూట పనంతా గంగపాలే. అందుకని ఒక సంస్థ వాళ్లు ఒకప్పుడు నూలు గోదాముగా ఉండిన పొడుగాటి హాలును కిరాయికి తీసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేశారు. నేనూ, వంటకూ కడుగుళ్లకూ ఒక ఆయమ్మా, ఇరవై మంది పిల్లలూ.

మొదట్లో మా దగ్గర వయసనే మాటే లేదు. నడక రాని వాళ్ల నుంచి రేపో మాపో పెద్దబడికి పోయే వాళ్ల దాకా గంప కింద కోడిపిల్లల్లా అందరూ ఒక్కచోటే. నాలుగేళ్ల పిల్ల రెండేళ్లవాడి ముక్కు తుడిచేది, అయిదేళ్లవాడు చంటిదానికి బువ్వ తినిపిస్తూ సగం తనే తినేవాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది గానీ అక్షరం ముక్క మాత్రం ఎవరికీ వచ్చేది కాదు, నేను ఒకదానితో ‘అ’ దిద్దిస్తుంటే ఇంకొకడు వచ్చి ఆ పలక మీద కూర్చునేవాడు.

తెలంగాణ వచ్చిన మరుసటేడో ఆ పై ఏడో, పట్నం నుంచి ఒక మేడమ్ వచ్చి మాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చింది. పిల్లల్ని వయసువారీగా విడదీయాలని, మూడేళ్ల లోపు వాళ్లకు ఆటా నిద్రా చాలునని, మూడు దాటిన వాళ్లకు పాటలూ అక్షరాలూ మొదలుపెట్టాలని, కలిపి ఉంచితే పెద్దవాళ్ల చదువు పాడవుతుంది, చిన్నవాళ్లు కాళ్ల కింద పడి నలుగుతారని బొమ్మలు చూపించి చెప్పింది. నిజమే కదా అనిపించింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నేను ఆ వారంలోనే మేదరి వాళ్లతో వెదురు తడక చేయించి హాలుకు అడ్డంగా నిలబెట్టించాను. అర్ర అంటే మా వైపు గది; ఇటు పెద్దర్ర, అటు చిన్నర్ర. పెద్దర్రలో నేను, చిన్నర్రలో ఆయమ్మ. ప్రతి తల్లి దగ్గరా టీకాల కార్డు తెప్పించుకుని నెలలతో సహా లెక్కగట్టి పేర్లు రాసుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి పెద్దర్ర పిల్లలు ఇరవై దాకా అంకెలు అప్పజెప్పారు. మేడమ్ మిగతా ఊళ్ల టీచర్ల ముందు నన్ను మెచ్చుకుంది. ఇక నా కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు.

ఆ రోజుల్లోనే, ఆలేరు వైపు నుంచి మా ఊరికి వచ్చి కిరాయి ఇంట్లో దిగిన ఒక ఆవిడ, ఆమెదీ ఆసు పోసే పనే, తన ఇద్దరు పిల్లల్ని తీసుకుని వచ్చింది. అక్కకు నాలుగున్నరేళ్లు. తమ్ముడు అక్క గౌను కొస పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

“గీనికి గూడ మూడేండ్లు నిండినయి టీచరమ్మా. ఇద్దర్ని ఒక్క అర్రల్నే ఏసుకోండ్రి” అంది.

వాడి ఎత్తూ మాటా చూస్తే నాకు నమ్మబుద్ధి కాలేదు. టీకాల కార్డు అడిగితే మొదటినాడు ఇంట్లో కనిపించలేదంది, రెండోనాడు ఇల్లు మారినప్పుడు పోయిందంది, మూడోనాడు తప్పక తెచ్చి ఇచ్చింది. అక్కడే వేళ్ల మీద లెక్కపెట్టాను. రెండేళ్ల నాలుగు నెలలు. పిల్లవాడికి తొందరగా చదువు అబ్బాలని తల్లులు వయసు పెంచి చెప్పడం నాకు కొత్తేమీ కాదు, దొంగను పట్టుకున్నంత సంబరంగా నవ్వి, వీడికి ఇంకా మూడు నిండలేదమ్మా, చిన్నర్రలోనే ఉండాలి అన్నాను. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడు అక్క లేకుంటే ఉండడని, జర చూడండని ఒకటికి నాలుగుసార్లు బతిమాలింది. అందరు తల్లులూ అనే మాటే కదా అనుకున్నాను. నాలుగు రోజులు ఏడిస్తే అలవాటవుతుందిలే అని పంపించేశాను.

తమ్ముడికి నాలుగు రోజుల్లోనే అలవాటైంది. అక్కకు కాలేదు. పాట పాడుతున్నా, అంకెలు చెబుతున్నా, ఒక కన్ను తడక సందులోనే ఉండేది. దూప అవుతోందని మాటిమాటికీ లేచేది, మంచినీళ్ల కుండ చిన్నర్రలో ఉండేది గనుక. నేను కుండను పెద్దర్రలోకి మార్పించాను. తమ్ముడు పిలుస్తున్నాడనేది, వెళ్లి చూస్తే వాడు పిలిచి ఉండేవాడు కాదు, హాయిగా కొయ్య గుర్రంతో ఆడుకుంటూ ఉండేవాడు. ఈ పిల్లకు తమ్ముడి మీద పెత్తనం ఎక్కువైందని ఆయమ్మతో అన్నాను. మాట దాచి చెప్పడమెందుకు, చక్కగా కుదిరిన నా పద్ధతిని ఒక్క పిల్ల చెడగొడుతోందని నాకు కోపంగా ఉండేది.

చలి మొదలైంది. వాడికి రెండు రోజులుగా జలుబు, ఒళ్లు కొద్దిగా వెచ్చబడింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక రెండు వైపులా పిల్లల్ని పడుకోబెట్టాం. ఆయమ్మ పెరట్లో గిన్నెలు కడుగుతోంది. నా పక్కన పిల్లలు ఒక్కొక్కరే కునుకులోకి జారుతుంటే, ఆ పిల్ల దిగ్గున లేచి కూర్చుంది. తడక అవతలి నుంచి చాప మీద మడమలు కొట్టుకుంటున్నట్టు సన్నటి చప్పుడు. నాకూ వినబడింది. ఎవరో నిద్రలో దొర్లుతున్నారనుకున్నాను.

“టీచర్, తమ్మున్ని పక్కకు తిప్పాలె” అంది.

పండుకో అన్నాను. మళ్లీ అదే మాట అంటూ తడక వైపు పాకబోయింది. రెక్క పట్టుకుని వెనక్కి లాగి, బోర్లా పడుకోబెట్టి, లేవకుండా వీపు మీద నా అరచెయ్యి ఆన్చి ఉంచాను. మిగతా వాళ్లు లేస్తారు, నోరెత్తావంటే చూడు అని గద్దించాను. ఆ పిల్ల మరి నోరెత్తలేదు. దాని గుండె టకటకా కొట్టుకోవడం నా అరచేతికి తెలుస్తూనే ఉంది. ఎంతసేపు అలా ఉంచానో, ఈ పదేళ్లలో ఎన్నోసార్లు లెక్కవేసుకున్నాను, ఒకసారి వచ్చిన లెక్క ఇంకోసారి రాదు. చివరికి అవతల చప్పుడు ఆగింది. చూశావా, నీ తమ్ముడు ఎంత బుద్ధిగా పడుకున్నాడో అన్నాను. దేవుడి సాక్షిగా ఆ మాట అన్నాను.

ఆయమ్మ గిన్నెలు బోర్లించి చిన్నర్రలోకి పోయి పెట్టిన కేకకు మిగతా పిల్లలందరూ లేచి ఏడ్చారు. వాడు వెల్లకిలా పడి ఉన్నాడు. తిన్న అన్నం కక్కుకుని గొంతుకు అడ్డం పడింది, పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. బోర్లించి, వేలుపెట్టి తీసి, వీపు చరిచి, భుజాన వేసుకుని రోడ్డు మీదికి ఉరికాను, నూలు దించి పోతున్న ఆటో ఎదురైంది. దారిలో ఎక్కడో వాడికి ఊపిరి అందింది. నా చీర కొంగు మీద ఆ వెచ్చటి గాలి తగిలినప్పుడు నేను ఏడ్చిన ఏడుపు నా పిల్లలు పుట్టినప్పుడు కూడా ఏడవలేదు.

దవాఖానలో తల్లి అసలు సంగతి చెప్పింది. ఏడాది నుంచి జ్వరం తగిలితే చాలు వాడికి ఫిట్స్ వస్తున్నాయట. ఇంతకు ముందున్న ఊళ్లో అది తెలిసి ఇరుగుపొరుగు వాళ్లు తమ పిల్లల్ని వాడి దగ్గరికి తోలలేదట, ఇక్కడ నేను కూడా వద్దంటానేమోనని దాచింది. తాను ఆసు పోస్తున్నంతసేపూ వాణ్ని కనిపెట్టుకుని ఉండడం, అవి రాగానే పక్కకు తిప్పి కేకేయడం అక్కకు నేర్పింది. బయట ఎవరికీ చెప్పొద్దని కూడా తనే నేర్పింది. రెండేళ్లవాడికి మూడేళ్లని చెప్పింది అందుకే.

“గా పిల్ల పక్కనుంటె నాకు ఫికరుండదనుకున్న టీచరమ్మా. నా అబద్ధమే వాని పానం మీదికి తెచ్చింది” అని గోడకు తల కొట్టుకుంది.

అప్పుడైనా నేను నోరు విప్పాలి. అబద్ధం నీది కావచ్చు, నీ కూతురు నిజమే చెప్పింది, నేనే దాని వీపు మీద చెయ్యి పెట్టి నొక్కి ఉంచాను అని చెప్పాలి. ఆయమ్మ కేక వినగానే పరుగెత్తుకుపోయి చూశానని మాత్రమే అన్నాను. అది నిజమే. ఆ నిజం తలచుకుంటే నా మీద నాకే అసహ్యం. మూలన బల్ల మీద కూర్చుని అక్క నా వైపే చూస్తోంది.

వాడు బతికాడు. కొన్ని నిమిషాలు మెదడుకు గాలి అందలేదని డాక్టరు చెప్పాడు, ఎన్ని నిమిషాలో నన్ను ఎవరూ అడగలేదు. వచ్చిన నాలుగు మాటలూ పోయాయి, ఒక కాలు ఈడ్చి నడవడం వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను తడక పీకించాను. మేడమ్ వచ్చి మళ్లీ పెట్టించింది, పెట్టించడమే సబబు కూడా, పిల్లల్ని వయసువారీగా కూర్చోబెట్టడం తప్పని నేను ఈనాటికీ అనను. నెలలు లెక్కపెట్టడం వచ్చిన దాన్ని పిల్ల మొహం చూడడం మరిచిపోయాను, అంతే. ఆ ఎండాకాలంలో మోకాళ్ల నొప్పులని చెప్పి ఉద్యోగం మానేశాను. ఇప్పటికీ మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగిందంటే కుడి అరచెయ్యి కింద ఆ గుండె కొట్టుకుంటుంది. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నా ఆగదు.

నిరుడు పోచంపల్లి బస్టాండులో ముగ్గురూ కనిపించారు. అక్కకు పద్నాలుగేళ్లు ఉంటాయి, తమ్ముడు ఆమె భుజం దాటి ఎదిగాడు, ఆమె వేలు పట్టుకుని నిలబడ్డాడు. తల్లి నన్ను చూడగానే ఎంతో సంబరంగా పక్కన ఉన్న ముసలామెతో, “గీ టీచరమ్మనే నా కొడుకును బతికిచ్చింది. గీమె ఉరకకపోతె వాడు మాకు దక్కకపోయేటోడు” అని, నలుగురిలో వంగి నా కాళ్లకు మొక్కింది. నేను వద్దు వద్దంటూ వెనక్కి జరిగాను, అందరూ అది నా వినయమనుకున్నారు. అక్క తన చున్నీ కొసతో తమ్ముడి మూతి తుడిచి, తలెత్తి నన్ను చూసింది. అందులో కోపం కనిపించి ఉంటే నాకు ఎంతో తేలికయ్యేది. ఈసారైనా టీచర్ నిజం చెబుతుందేమోనని ఎదురుచూస్తున్నట్టు చూసింది. బస్సు వచ్చింది, వాళ్లు ఎక్కారు.

మా ఊళ్లో ఇప్పుడు మగ్గాల చప్పుడు పలచబడింది. ఆ హాలుకు తాళం పడింది, పిల్లలు పొద్దున్నే పసుపుపచ్చ వ్యానెక్కి పోతున్నారు. నల్లగొండ స్కూల్లో బల్ల వెనుక కూర్చున్న ఆ పిల్ల మా పాప గురించి ఫిట్స్ ఉన్నాయా, ఏ మందులు పడవు, రాత్రి ఎలా పడుకుంటుంది అని రెండు పేజీలు అడిగి రాసుకుంది. సిగ్గుపడకుండా అడుగుతున్నారు, దాచకుండా చెబుతున్నారు, మన రోజుల కన్నా ఎంత మేలో. నా మనవరాలు అంత భద్రంగా ఉన్నందుకు సంతోషమే. కాలం అంత మారిందని ఇన్ని మాటలు చెప్పిన నేను, నిరుడు బస్టాండులో అంతమంది ముందు ఆ తల్లి నా కాళ్లకు మొక్కుతుంటే మొక్కించుకుని ఇంటికి వచ్చాను. ఇదంతా మీకు చెప్పగలిగాను. ఆమెకు చెప్పలేదు.