గ్రేసమ్మ టీచర్ ఎం.ఏ.ని ఆపిన మిలిటరీ

ఈ పోస్ట్ ఇవాళే రాయాలి. రేపటికి వాయిదా వేస్తే ఎం.ఏ. కూడా వాయిదా వేస్తానని నాకు తెలుసు.

మెట్టుగూడ గ్రేసమ్మ టీచర్ నిన్న తెల్లవారుజామున పోయారు.

అమ్మ వచ్చి చెబితే "ఏ గ్రేసమ్మ?" అని అడిగాను.

మా వీధిలో ఉన్నది ఒక్కరే గ్రేసమ్మ.

తొంభై ఆరేళ్ల మనిషి పోతే షాక్ ఏమిటంటారా? మొన్న సాయంత్రమే ఆవిడ నన్ను పావుగంట తిట్టారు. మధ్యలో ఒక్కసారి కూడా ఆయాసపడలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. టీచర్ మా పక్కింట్లో ఉండేవారు. స్కూల్లో హిస్టరీ చెప్పి రిటైరయ్యారు. చూపు తగ్గాక రోజూ నేనే పేపర్ చదివి వినిపించేదాన్ని. నేను తప్పు చదివితే నన్ను దిద్దేవారు. పేపర్ తప్పు రాస్తే పేపర్‌ని దిద్దేవారు.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. డిగ్రీ అయిపోయింది. హిస్టరీలో ఎం.ఏ. చేయాలని ఉంది. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం కూడా సిద్ధంగా ఉంది.

మా నాయిన, "ఇంకా ఉందా బిడ్డా సదువు? అయిపోలే?" అని నిజంగానే ఆశ్చర్యపోతున్నారు. ఆయన దృష్టిలో చదువు ఒక బియ్యం బస్తా. ఎప్పుడో ఒకప్పుడు అడుగు కనబడాలి.

మొన్న అప్లికేషన్ నింపుతుంటే సగంలో కరెంటు పోయింది. లాప్‌టాప్ మూసేసి టీచర్ దగ్గరికి వెళ్లాను.

"దేవుడికే ఇష్టం లేదేమో టీచర్" అన్నాను.

అంతే.

"ఏందీ? నీ ఒక్క ఫారం ఆపనీకి దేవుడు మెట్టుగూడ మొత్తం కరెంటు తీసిండా? జెర కూసో. నీకంటే పెద్ద బేకూఫ్ కథ చెప్తా."

ఆ బేకూఫ్ టీచరే.

పోలీస్ యాక్షన్ సంవత్సరం, 1948. టీచర్‌కి ఇరవై ఏళ్లు. బి.ఏ. పాసయ్యారు. ఎం.ఏ. సీటుకి మద్రాసులో ఇంటర్వ్యూ ఉంది, రమ్మని కార్డు వచ్చింది. వెళ్లాలా వద్దా అన్నది ఇంట్లో తేలలేదు.

వాళ్ల చర్చిలో ఒక పద్ధతి ఉంది. మనసులో ఉన్నది చీటీ మీద రాసిస్తే, ఆదివారం పాస్టర్‌గారు అందరి ముందూ చదివి ప్రార్థన చేస్తారు. టీచర్ ఇలా రాసిచ్చారట: "ప్రభువా, నేను మద్రాసు వెళ్లుట నీ చిత్తము కానియెడల దారి మూసివేయుము."

సోమవారం ఇండియా మిలిటరీ బయల్దేరింది.

నిజాం రాజ్యంలోకి నాలుగు దిక్కుల నుంచీ. రైళ్లన్నీ బంద్. రైల్వే గార్డుగా చేసే వాళ్ల నాన్న యూనిఫాం వేసుకుని, జెండాలు ఒళ్లో పెట్టుకుని, ఇంటి వరండాలో కూర్చున్నారట.

"నేను ఒక్క దారి మూయమన్న. దేవుడేమో స్టేట్ మొత్తం బంద్ చేసిండు" అన్నారు టీచర్.

ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది. గొడవలు సద్దుమణిగాక చర్చి బయట ఒక పెద్దావిడ టీచర్ చేతులు పట్టుకుని, "నీ ప్రార్థనకు మస్తు పవర్ ఉంది బిడ్డా. ఇంక కొన్ని దినాలు ఏం అడగకు" అన్నదట.

నేను నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటుంటే, టీచర్ నవ్వడం ఆపారు.

"అసలు సంగతి ఇను. రైళ్లు బంద్ అని తెల్వంగనే నాకు ఖుషీ అయింది. బయట జనం పాణాలు అరచేతుల పెట్టుకొని ఉన్నరు. నేనేమో ఇంటర్వ్యూ తప్పిందని హాయిగ పండుకున్న. నాకు భయం. ఇంగ్లీషుల ఏమడుగుతరో, హాస్టల్ల ఎట్లుంటనో అని. రైళ్లు మళ్ల షురూ అయినయ్. ఒక్క ఉత్తరం రాస్తే మళ్ల పిలుస్తుండె. రాయలే. మూడేండ్లు దేవుని పేరు చెప్పుకొని ఇంట్ల కూసున్న."

"మరి మూడేళ్ల తర్వాత ఎలా వెళ్లారు?"

"చీటీ ఇయ్యకుండ రైలెక్కిన."

తర్వాత నా వైపు తిరిగారు.

"కరెంటు పోతే నీకు బాధైందా, ఖుషీ అయిందా? నిజం చెప్పు."

నేను పేపర్ అందుకుని, "ఇవాళ్టి వార్తలు చదవనా టీచర్?" అన్నాను.

"పో. ఫ్యాన్ తిరుగుతుంది, సూడు. కరెంటొచ్చింది."

ఇంటికి వచ్చాను. ఫారం తెరవలేదు. జవాబు పొద్దున చెబుదాంలే అనుకున్నాను.

ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను టీచర్. ఖుషీ అయింది. చాలా.

నిన్న సమాధుల తోట నుంచి వచ్చి లాప్‌టాప్ తెరిచాను. నాయిన వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఇది అయినంక ఇంకేమన్న ఉంటదా బిడ్డా?"

"పీహెచ్‌డీ ఉంటది నాయినా."

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. "అది ఇప్పుడే మీ అమ్మకు చెప్పకు."

కాబట్టి చేయాలా వద్దా అన్నది తేలిపోయింది. ఎలా చేయాలన్నదే మిగిలింది. రెండు ఫారాలు నింపి పెట్టుకున్నాను. ఒకటి రెగ్యులర్. ఉద్యోగం వదులుకుని, వేరే ఊళ్లో హాస్టల్లో ఉండాలి. నాకు భయంగా ఉన్నది అదే. రెండోది డిస్టెన్స్. ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లోనే చదువుకోవచ్చు. అది మంచిదని నాకు అనిపిస్తోందా, లేక భయం లేదు కాబట్టి మంచిదనిపిస్తోందా, ఒక్కదాన్నే తేల్చుకోలేకపోతున్నాను.

వెళ్లిరండి టీచర్. ఇక ఎవరి తప్పులూ దిద్దకుండా ప్రశాంతంగా నిద్రపోండి.

ఈ రెండింట్లో ఏదైనా చేసినవాళ్లు, మీకు ఎక్కడ కష్టమైందో, మళ్లీ అయితే ఏది చేస్తారో కింద రాయండి. ఈ నెల 28 సాయంత్రం లోపు. 29 పొద్దున రెండింట్లో ఒకటి పంపేస్తున్నాను.