ఆ గుండీలు పెట్టింది నేను

ఆ రోజు మా ఆయన్ను అంత బాగా ముస్తాబు చెయ్యడమే నేను చేసిన తప్పు. ఇస్త్రీ చొక్కా, నల్ల ప్యాంటు, బెల్టు, చేతికి గడియారం. మా అత్త గుమ్మంలో నిలబడి, "పెండ్లికొడుకు మాదిరి ఉండాడు నా కొడుకు" అని మెటికలు విరిచి దిష్టి కూడా తీసింది. పెద్ద డాక్టరు దగ్గరికి మాసిన బట్టలతో పోతామా? రేషన్ కార్డు ఆఫీసుకైనా తల దువ్వుకొని, పౌడరు రాసుకొని పోయే రకం మేము.

నేను పలమనేరు వైపు పుట్టి, తమిళనాడులో ఉన్న గుడియాత్తానికి కోడలిగా వచ్చాను. అత్తవారికి బజారులో చిన్న లుంగీల కొట్టు ఉంది. మా ఆయన కొట్టులో కూర్చోలేక ఓడ ఎక్కాడు. సరుకుల ఓడలో డెక్కు మీద పని. ఓడను రేవుకు కట్టే మోకులు ఆయన చేతుల మీదుగానే పోయేవి. పద్నాలుగేళ్ళు గడిచాక, ఏదో దేశం రేవులో ఒక మోకు తెగి, విసురుగా వచ్చి కుడి భుజం మీద కొట్టింది. అక్కడే ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. ఎముక అతుక్కుంది గానీ చేతికి పట్టు రాలేదు. చొక్కా గుండీ కూడా ఆ వేళ్ళకు చిక్కదు.

ఓడ కంపెనీ చెప్పింది ఒకటే. వేలూరులో ఒక ఎముకల డాక్టరు పరీక్ష చేస్తాడు. సముద్రం మీద ఉద్యోగానికి ఇక పనికిరాడని ఆయన రాస్తే అంగవైకల్య పరిహారం ఇస్తారు. పనికొస్తాడని రాస్తే అది రాదు, బతకాలంటే మళ్ళీ ఓడ ఎక్కాల్సిందే. ఆ చేత్తో ఎక్కితే మనిషి తిరిగొస్తాడా?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఏడాదిగా మా ఆయన లుంగీ, ఇక్కడి మాటలో కైలీ, నేనే కట్టేదాన్ని. పొద్దున్నే తలుపు గడియ పెట్టి, చొక్కా తొడిగి, లుంగీ చుట్టి బిగించి కొట్టుకు పంపేదాన్ని. అత్తకు తెలిసినా తెలియనట్టే ఉండేది. ఊరంతా లుంగీలు నేసే చోట, లుంగీలమ్మే మనిషి తన లుంగీ తాను కట్టుకోలేడంటే ఎంత నామోషీ! కొట్టుకొచ్చిన వాళ్ళు చెయ్యి ఎట్లుందని అడిగితే, "బాగైపోయిందప్పా, ఇంగేముండాది" అనేవాడు. పక్కన నిలబడి నేనూ తల ఊపేదాన్ని.

డాక్టరు గదిలో చెన్నై నుంచి వచ్చిన కంపెనీ మనిషి ఫైలు పట్టుకొని కూర్చున్నాడు. డాక్టరు పెద్దాయన, నెమ్మదస్థుడు. తమిళంలో పలకరించాడు.

"ఎలా ఉన్నారు?"

"బాగుండాను సార్" అన్నాడు మా ఆయన, పెళ్ళికొచ్చినవాడిలాగా నవ్వుతూ.

చెయ్యి ఎత్తమంటే, ఒళ్ళంతా ఒక పక్కకు ఒంచి భుజం దాకా ఎత్తేశాడు. పళ్ళు బిగబట్టింది నాకు కనిపించింది, డాక్టరుకు నవ్వే కనిపించింది. నొప్పి ఉందా అంటే లేదు. స్నానం, బట్టలు, తిండి ఎవరు చూస్తారంటే, "అన్నీ నేనే సార్."

మొదట నేను సిగ్గనుకున్నాను. పరాయివాళ్ళ ముందు బాధ చెప్పుకొనే వంశం కాదు కదా మాది! ఇంతలో జేబులోంచి తన ఓడ పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఎక్కిన ఓడలు, దిగిన ఓడలు ముద్రలతో ఉండే పుస్తకం. దాన్ని ఎవరూ తెమ్మనలేదు.

"మళ్ళీ ఎక్కేదానికి రెడీగా ఉండాను సార్" అన్నాడు.

ఓరి దేవుడా, ఇదా సంగతి! ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. డాక్టరు కలం తీసుకొని కాగితం మీదికి వంగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తమిళం, తెలుగు కలగాపులగమై నోట్లోంచి తన్నుకొచ్చాయి.

"రాయొద్దు సార్, ఆగండి! ఆ గుండీలు పెట్టింది నేను. ఆ బెల్టు బిగించింది నేను. కైలీ కూడా నేనే కట్టాల, దినామూ! ఈ మనిషిని ఓడ ఎక్కిస్తారా? అట్లైతే నన్ను కూడా ఎక్కించండి, ఆడ గుండీలు పెట్టేదానికి!"

"మే, నోరు ముయ్యి" అన్నాడు మా ఆయన.

డాక్టరు కోప్పడలేదు. కలం పక్కన పెట్టి, ట్రేలోంచి కట్టు గుడ్డ చుట్ట తీసి, మూరెడు లాగి కత్తిరించి మా ఆయన ముందు పెట్టాడు. "మీరు ఓడ మనిషి కదా. మీకు బాగా వచ్చిన ముడి ఒకటి వేసి చూపించండి" అన్నాడు.

మా ఆయన ఎడమచేత్తో మెలిక వేశాడు. రెండో కొసను కుడి వేళ్ళు పట్టుకోవాలి. జారింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. మూడోసారి కొసను పళ్ళతో పట్టుకున్నాడు. అప్పుడు గుడ్డ మొత్తం కింద పడిపోయింది. అసలు నేనెందుకు నోరు తెరిచానా అనిపించింది. నేల చీలితే దూరిపోయేదాన్ని.

కంపెనీ మనిషే వంగి గుడ్డ తీసి ట్రేలో పెట్టాడు. డాక్టరు రాయడం మొదలుపెట్టాడు. "ఇక సముద్ర ఉద్యోగం కుదరదు" అని మెల్లగా చెప్పాడు. పరిహారానికి అడ్డేమీ ఉండదమ్మా అని కంపెనీ మనిషి నాతో అన్నాడు. నేను గెలిచాను. దణ్ణం పెట్టి బయటికొచ్చాను.

గుడియాత్తం బస్సు కిక్కిరిసి ఉంది. ఒక్క సీటు దొరికితే నన్ను కూర్చోబెట్టి, తాను ఎడమచేత్తో పైకడ్డీ పట్టుకొని పక్కనే నిలబడ్డాడు. పళ్ళికొండ దాటినా కిటికీ వైపే చూస్తున్నాడు.

"నా మింద కోపమా?" అన్నాను.

"నీ మింద ఏం కోపం మే" అన్నాడు. కాసేపటికి, "పద్నాలుగేండ్లలో నేనేసిన ముడి ఒక్కటి కూడా ఊడలేదు, తెలుసునా?" అన్నాడు.

ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. పట్టున్న ఒక్క చెయ్యి కడ్డీ మీద ఉంది, వదిలితే పడిపోతాడు. నేను లేచి, బస్సంతా చూస్తుండగానే, కొంగుతో ఆయన మొహం తుడిచాను. వద్దనలేదు.