ఒక్క మధ్యాహ్నపు గవర్నరు

దొన్ ఎవారిస్తో సెపేదా ఇంట్లో క్యాలెండరు ఉండేది కాదు. ఆయనకు దాని అవసరమే లేదు. రాష్ట్రాన్ని ఏలిన గవర్నర్లందరూ వరసగా ఆయన నాలుక మీద కొలువుదీరి ఉండేవారు. కాలాన్నంతా వాళ్లతోనే కొలిచేవాడు. పెళ్లెప్పుడయిందని అడిగితే "గవర్నర్ బెల్త్రాన్ రెండోసారి పారిపోయే ముందు గురువారం" అనేవాడు. పన్నెప్పుడు ఊడిందంటే "గవర్నర్ ఉర్కీదీ ప్రమాణం చేస్తుండగా" అనేవాడు. కాఫీలో పాలు విరిగినా సరే, "ఇవి పోయిన గవర్నరు నాటి పాలమ్మా" అని కప్పు వెనక్కి తోసేవాడు.

ఆ విద్యలో ఆయనంతటి ఘనుడు వాళ్ల ఊరు ఓహోసెకోలోనే కాదు, ఆ జిల్లాలోనే లేడు. పేర్లు ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చెప్పగలడు. సంతల్లో పందెం కట్టి గెలిచిన టర్కీ కోళ్లతో ఇల్లు నిండిపోయి, భార్య దోన్యా రెమీహియా ఇక గెలవొద్దని బతిమాలుకుంది. బిషప్పుగారు ఊరికి వచ్చినప్పుడు ఒక్క ఊపిరిలో అందరినీ అప్పజెప్పి, చివర్లో కళ్లు తిరిగి పడిపోయాడు. పడిపోతూ కూడా తాత్కాలిక గవర్నర్లను వదిలిపెట్టలేదు.

ఈ పిచ్చి ఆయనకు ఊరికే పట్టలేదు. స్వాగత తోరణాలు కట్టడం వాళ్ల వంశవృత్తి. గవర్నరు ఊరికి వస్తున్నాడంటే వీధి మొదట్లో ఆయన పేరు కాగితప్పూలతో కట్టి నిలబెట్టాలి. విప్లవం రోజుల్లో పొద్దున ఒకడు, సాయంత్రం ఒకడు గద్దెనెక్కుతుంటే కట్టేవాళ్ల చేతులు పడిపోయేవి. ఒకసారి తోరణంలో పాత పేరు సగం, కొత్త పేరు సగం ఉండగానే సైన్యం వచ్చేసింది. ముందున్న జనరలు గుర్రం ఆపి, పైకి చూసి, ఈయనెవరని అడిగాడు.

"చివరికి మీలో ఎవరు మిగిలితే వారేనండి" అన్నాడు ఎవారిస్తో తండ్రి.

జనరలుకు నవ్వొచ్చింది కాబట్టి ఆయన బతికి బయటపడ్డాడు. ఏ రోజున ఎవరు గవర్నరో గుర్తుపెట్టుకోవడం ఆనాటి నుంచి ఆ ఇంట్లో ప్రాణాలు కాపాడే విద్య అయింది.

ఎవారిస్తో పేర్లు చదువుతుంటే వరసలో ఒక చోట ఊరంతా చెవులు రిక్కించేది. బెల్త్రాన్ పేరు చెప్పాక ఆయన ఆగేవాడు. టోపీ తీసి గుండెల మీద పెట్టుకునేవాడు. "జనరల్ అన్సెల్మో కిరోస్. ఒక్క మధ్యాహ్నం" అనేవాడు. టోపీ మళ్లీ పెట్టుకుని ఉర్కీదీ దగ్గరికి వెళ్లేవాడు. ఆ జనరలు సంతలో పూటకూళ్లు నడిపే హసింతా కిరోస్ తాత అని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆ జనరలు అసలు పుట్టనే లేదన్న సంగతి మాత్రం తనొక్కడికే తెలుసని ఎవారిస్తో నమ్మకం.

హసింతా చిన్నప్పుడు ఒకరోజు బడి నుంచి ఏడుస్తూ వచ్చి ఆయన గుమ్మంలో కూలబడింది. తాతల గురించి చెప్పమని టీచరు అడిగితే, ఇటుక బట్టీల వారి మనవడు ఫుల్హెన్సియో లేచి, దీనికసలు తాతే లేడని అందరి ముందూ అన్నాడట. ఎవారిస్తో చేతిలో పువ్వు చుడుతూనే కొంచెం ఆలోచించాడు.

"తాత లేకపోవడమేమిటి? మీ తాత గవర్నరు" అన్నాడు. "బెల్త్రాన్ వెనక తలుపు నుంచి వెళ్లిపోయాడు. ఉర్కీదీ ఇంకా ముందు తలుపు దగ్గరికి రాలేదు. మధ్యలో కుర్చీ ఖాళీగా ఉండకూడదు కదమ్మా?"

పిల్ల ముక్కు తుడుచుకుని, మరి మా తాత ఏం చేశాడని అడిగింది. ఎవరినీ కాల్చలేదనీ, ఎవరి మీదా పన్ను వేయలేదనీ, మధ్యాహ్నం నిద్రపోయే ఊరిని హాయిగా నిద్రపోనిచ్చాడనీ చెప్పాడు ఎవారిస్తో. మర్నాటి నుంచి ఆ పేరు వరసలో చేరిపోయింది. ఏటేటా ఊరి పండుగలో వరస చదివినప్పుడల్లా జనరలుకు ఒక్కొక్కటే వచ్చి చేరేవి: ఒక ఏడు మీసాలు, మరో ఏడు తెల్ల గుర్రం, ఇంకో ఏడు మోకాలి నొప్పి.

హసింతా పెరిగి పెద్దదై, పూటకూళ్లు పెట్టి, కొండ మీది ఊట నుంచి ఊళ్లోకి నీళ్ల గొట్టం వేయించే దాకా అధికారుల్ని నిద్రపోనివ్వలేదు. చివరికి పురపాలక అధ్యక్ష పదవికి నిలబడింది. ఆమెకు పోటీ ఆ ఫుల్హెన్సియోయే. ఇప్పుడతను మొక్కజొన్న వ్యాపారి, పొట్ట కూడా అందుకు తగ్గట్టే ఉంది. ఆమె గెలిస్తే గొట్టం ఎగువ పేటకు కూడా వెళ్తుంది. ఓడితే ఎగువ పేట ఆడవాళ్లు బిందెలు మోస్తూనే ఉంటారు.

ఎన్నికకు ముందు ఆదివారం, పూజ ముగిసి జనం చర్చి ముందు చేరాక, ఫుల్హెన్సియో రాజధాని నుంచి ఒక లాయరును తెచ్చి మెట్ల మీద నిలబెట్టాడు. లాయరు మంచివాడే. గవర్నర్ల చరిత్ర మీద పెద్ద పుస్తకం రాశాడు. ఓహోసెకో పెద్దాయన నోట ఆ వరస వినాలని ఉందని మర్యాదగా అడిగాడు.

ఎవారిస్తో మొదలుపెట్టాడు. బెల్త్రాన్ దాకా గొంతు గంటలా మోగింది. అక్కడ ఫుల్హెన్సియో మొహంలో చిరునవ్వు కనిపించి, సంగతంతా అర్థమైంది. బిషప్పు ముందు కూడా తడబడని నాలుక అక్కడ తడబడింది. కిరోస్ పేరు చెబితే లాయరు పట్టుకుంటాడు, ఆ అబద్ధం హసింతా మెడకు చుట్టుకుంటుంది. వదిలేస్తే, తను ఇచ్చిన తాతను తన చేతులతోనే లాక్కున్నట్టవుతుంది. జనం ఎదురుచూశారు. ఆయన మెల్లగా టోపీ తీశాడు.

"జనరల్ అన్సెల్మో కిరోస్. ఒక్క మధ్యాహ్నం."

"ఆ పేరుగల గవర్నరు ఎవరూ లేరు పెద్దాయనా" అన్నాడు లాయరు, ఆ మాట చెప్పాల్సి వచ్చినందుకు తనే నొచ్చుకుంటూ. "ఆ మధ్యాహ్నం కుర్చీ ఖాళీగానే ఉంది."

"విన్నారుగా?" అన్నాడు ఫుల్హెన్సియో జనంతో. "అబద్ధపు తాతను పెట్టుకు తిరిగే మనిషి రేపు మీకు నిజం చెబుతుందా?"

చర్చి ఎదుటి సంతలో వంట చేస్తున్న హసింతా కుండ దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎవారిస్తో ఆమె మొహం చూడలేక టోపీలోకి చూస్తూ నిలబడ్డాడు.

"లాయరుగారు చెప్పింది నిజమే" అంది హసింతా. "మా తాత కంచరగాడిదల మీద ఉప్పు తోలేవాడు. చిన్నప్పుడే మా అమ్మ చెప్పింది."

ఎవారిస్తో తల పైకెత్తాడు. "తెలుసా? మరి ఇన్నాళ్లూ నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు టోపీ తీసేవారు కదా, దొన్ ఎవారిస్తో. మా తాత కోసం టోపీ తీసిన మనిషి మీరొక్కరే. ఆ ముచ్చట నేనెందుకు చెడగొట్టాలి?"

తర్వాత ఆమె లాయరు వైపు తిరిగింది. ఎవరినీ కాల్చకుండా, ఎవరి పొలమూ లాక్కోకుండా దిగిపోయిన గవర్నరు ఆయన పుస్తకంలో ఇంకెవరైనా ఉంటే చెప్పమంది. లాయరు మనసులోనే పేజీలు తిరగేశాడు. చాలాసేపు తిరగేశాడు. చివరికి నవ్వేసి, తనకు తెలిసినంతలో అందరికంటే మంచి పాలన ఆ ఖాళీ కుర్చీదేనని ఒప్పుకున్నాడు. ఎవరో వెనక నుంచి "జనరల్ కిరోస్‌కు జై" అన్నారు. నవ్వు చర్చి మెట్ల నుంచి సంత దాకా పాకింది. ఎగువ పేట ఆడవాళ్లు మాత్రం నవ్వలేదు. వాళ్లు నీళ్ల గొట్టం గురించి అడిగారు. హసింతా చెప్పింది. ఆ వారం వాళ్లంతా కట్టగట్టుకొచ్చి ఓట్లు వేశారు.

ఆమె ప్రమాణం చేసిన రోజున ఎవారిస్తో కట్టిన తోరణంలో తొలిసారి ఒక ఆడమనిషి పేరు నిలిచింది. ఆ రోజు కూడా ఆయన వరస చదివాడు. బెల్త్రాన్ తర్వాత ఆగి, ఎప్పటిలాగే టోపీ తీశాడు. ఈసారి ఊరంతా టోపీలు తీసింది.

మర్నాడు పూలు దించి బుట్టలో వేసుకుని ఇంటికి వెళ్తుంటే, ఫుల్హెన్సియో తన కొట్టు ముందు ఒంటరిగా కూర్చుని కనిపించాడు. ఓడినవాడి కొట్టుకు ఆ పూట బేరాలు కూడా లేవు. ఎవారిస్తో నాలుగడుగులు దాటి వెళ్లాడు. ఆగాడు. వెనక్కి వచ్చాడు.

"మీ అమ్మ వైపు తాత సంగతి నీకు తెలుసో తెలీదో" అన్నాడు బుట్ట కింద పెడుతూ. "ఉర్కీదీ జ్వరంతో పడుకున్న రోజు, పొద్దున పూట, రాష్ట్రాన్ని ఏలింది ఆయనే."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఫుల్హెన్సియో వీధిలోకి అటూ ఇటూ చూశాడు. తర్వాత పక్కనున్న కుర్చీని కాలితో ముందుకు జరిపాడు.

"గుర్రం ఏ రంగు?" అని అడిగాడు.