అక్క ఊదని స్వరం

మా అక్క గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. అలాంటి మనిషి, మా బ్యాండులో బాస్ ట్రాంబోన్ అనే పెద్ద ఇత్తడి బాకా పట్టుకుని, ఒక్క స్వరం దగ్గర మాత్రం ఏళ్ల తరబడి బుగ్గలు పొంగించి ఊరుకుందంటే ఎవరైనా నమ్ముతారా? ఆ అట్టడుగు స్వరం ఆమె పాత వాయిద్యంలో పలకదు. అంత కిందికి దిగాలంటే గాలి దారి మార్చే వాల్వులు రెండు నొక్కాలి, దానికి ఉన్నది ఒకటే. పక్కనే ట్యూబా ఊదే మా బావ ఆ స్వరాన్ని తానే గట్టిగా లాగించేసేవాడు.

బావ పెదవికి ఆపరేషన్ అయ్యాక ట్యూబా మూలపడింది, అక్క గుట్టు బయటపడింది. వచ్చే నెల కచేరీ ఆ స్వరంతోనే ముగుస్తుంది. అది వినిపించకపోతే అక్క కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తానని బ్యాండు మాస్టారు తేల్చి చెప్పేశారు. అందుకే పొద్దున్నే ముగ్గురం వాయిద్యాల దుకాణం మీద పడ్డాం.

"ఈ బరువు ట్రాంబోన్‌లో రెండు వాల్వులు దేనికదే పనిచేస్తాయమ్మా. ఆ రెండో ట్రాంబోన్‌లో మొదటి వాల్వు నొక్కి ఉంచితేనే రెండోది పనిచేస్తుంది, కానీ అది తేలిక," అన్నాడు దుకాణాయన. "మీ స్వరానికి ఎలాగూ రెండూ కలిపి నొక్కాలి. దేంట్లోనైనా వస్తుంది."

అక్క బరువుది ఎత్తుకుంది. పై స్వరాలన్నీ గలగలా పలికాయి. అసలు స్వరం దగ్గర మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు. తేలికదీ అంతే!

"రెండూ పనికిమాలినవే!" అని ఇంతెత్తున లేచింది. దుకాణాయన ముఖం మాడిపోయింది.

"ముందు మళ్లీ ఊదవే," అని కసిరాను. ఊదింది. ఆ స్వరం వంతు రాగానే బుగ్గలు పొంగాయి, ఛాతీ మాత్రం కదల్లేదు.

"ఓసి నీ అలవాటు తగలెయ్య! నువ్వు అసలు గాలే వదలట్లేదక్కా!"

అక్క నోరు వెళ్లబెట్టింది. బావ పగలబడి నవ్వబోయి, పెదవి గుర్తొచ్చి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"రెండో వాల్వు ఒక్కటే నొక్కే పని నాకెప్పుడూ పడదు. ఆ బరువుదైతే మణికట్టు పీకేస్తుంది," అంటూ అక్క తేలికదే చేతిలోకి తీసుకుంది. రెండు వాల్వులూ నొక్కింది, జారుగొట్టం ముందుకు చాచింది, కళ్లు మూసుకుని ఊదింది.

అబ్బ! అద్దాల బీరువా గడగడలాడింది. ఆనందం పట్టలేక నేను దుకాణాయన భుజం మీద ఒక్కటి చరిచాను.

బావ మాత్రం స్టూలు లాక్కుని, బ్యాండులో కూర్చున్నట్టే అక్క పక్కన కూర్చున్నాడు. ఖాళీ చేతులు రెండూ చాచి చూపించాడు. కళ్ల నిండా నీళ్లు.

"చూడు, నేనేం ఊదట్లేదు," అన్నాడు. "ఏదీ, ఇంకోసారి ఊదు."