యానిస్ పోసిన సాక

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన మరుసటి నెల అది. సైనికులు తెల్లవాళ్ళను వెతికి బందీలుగా పట్టుకుపోతున్నారు. మహబూలాలో కడపవాళ్ళం ఐదుగురం ఉండే ఫ్లాట్‌లో, మా సైటు ఇంజనీరు యానిస్‌ను దాచాం. ఆయనది గ్రీసు.

ద్రాక్షరసం పులియబెట్టి ఆయనే వైన్ చేశాడు. ఒక మధ్యాహ్నం తాగేముందు కొంచెం నేలమీద ఒలకబోశాడు.

"తాగేదానికే చాలదంటే నేలకు పోస్తాండాడేందప్పా!" అన్నాడు మా ఓబులేసన్న.

ఎవరికని యానిస్‌ను హిందీలో అడిగాను.

"డయోనిసస్‌కి. మా పూర్వీకుల వైన్ దేవుడు. తాగి చిందులేస్తేనే ఆయనకు పూజ."

"మేమూ అమ్మవారికి సాక పోశాకే తాగుతాం సార్!"

"అయితే మనం చుట్టాలమే," అంటూ నా గ్లాసు నింపాడు.

మర్నాడు సైనికులు తలుపు బాదారు. కువైట్‌లో మద్యం దొరికితే జైలే అన్న భయం నాలో పాతుకుపోయి ఉంది. వాళ్ళు ఏమీ అడగకముందే, "వైన్ నాది కాదు, చేసినవాడు లోపలున్నాడు" అని అరబీలో చెప్పేశాను. నిజానికి వాళ్ళు మా ఫ్రిజ్ ఎత్తుకుపోవడానికి వచ్చారు. లోపలి గదిలో యానిస్‌ను చూశాక ఫ్రిజ్ వదిలేసి ఆయన్ను పట్టుకున్నారు.

వైన్ వాసనే ఆయన్ను పట్టిచ్చిందని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పాను. అది అబద్ధం. లోపలి గదిలో ఆయనకు నా మాట వినపడలేదు. వాళ్ళు లాక్కుపోతుంటే నావైపు తిరిగి, "నా వైన్ వల్లే ఇదంతా. మాఫ్ కరో, దోస్త్," అన్నాడు.

నేను క్షమించినట్టు తలూపాను.