మడతలోంచి తీసిన దారం

దర్జీ కొట్లో చిల్లులకు రఫూ చేసే పిన్ని సూదిమొనతో కోటు లోపలి మడతలోంచి ఒక్కో పోగే లాగుతోంది. ఛాతీ జేబు పక్కన గోరంత చిల్లు. ఒకతను తెచ్చిన, చనిపోయిన తన అన్న కోటు. ఆ తమ్ముడు రేపు అది తొడుక్కునే కొత్త ఉద్యోగంలో చేరాలనుకున్నాడు. సాయంత్రానికి వస్తానని చెప్పి వెళ్లాడు. బాగా నలిగిన పాత బట్ట. ఒకసారి కుట్టు విప్పితే ఓర్చుకుంటుంది, రెండోసారి విప్పితే చిల్లు చేటంత అవుతుంది.

పిన్నికి ఈ పని ఎవరూ నేర్పలేదు. చిరిగిన తన బట్టలే ఆమెకు బడి.

గుడ్డముక్కల డబ్బాలోంచి అదే రంగుది, వెలిసిన పోగొకటి తీసి, మడత దారం పక్కన పెట్టింది. ట్యూబులైటు కింద రెండూ ఒకేలా ఉన్నాయి. అయినా ఆమె మనసు వెలిసిన పోగు వైపే గుంజుతోంది.

"మాస్టారూ, ఏదంటారు?"

కటింగ్ మాస్టరు కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. "కోటు ఒంట్లోని దారమే కదా చెల్లెమ్మా, దానికేం వంక?"

"అదే, అదే," అన్నాడు ఇస్త్రీ బాబాయి, పెట్టె దించకుండానే.

"ఇంతమంది ఒకటే మాటంటుంటే ఇంకా చూస్తావేం పిన్నీ!" అంది గుండీలు కుట్టే వదిన.

పిన్ని అనుమానం నోరు మూసుకుంది. కుట్టేసింది.

మధ్యాహ్నం గుమ్మం దగ్గర వెలుతురులో పట్టి చూసింది. కోటు మీద ఈగ వాలినట్టు నల్లటి మచ్చ. పైబట్ట ఏళ్ల తరబడి ఎండకు వెలిసింది. మడతకు ఎండే తగల్లేదు.

ఊపిరి బిగబట్టి కుట్టంతా విప్పింది. రెండు పోగులూ కోటు మీద పరిచి, గుమ్మంలో నిలబడి పిలిచింది.

"ఒక్కొక్కరే రండి. నోరెత్తకుండా వేలితో చూపించండి."

మూడు వేళ్లూ వెలిసిన పోగు మీదే పడ్డాయి. పొద్దున్నుంచి తన మనసు గుంజుతున్నదీ అటే.

మాస్టరు పకపకా నవ్వాడు. "పొద్దున నాకూ తెలీదు చెల్లెమ్మా. మీరంతా తలూపేసరికి నాదే రైటనుకున్నా!"

"నేనసలు చూస్తేగా! నువ్వన్నావని అన్నా," అన్నాడు బాబాయి.

"నేను మీ ఇద్దరి మొహాలే చూశా," అంది వదిన.

"బాగుంది సంబడం! ఎవరూ చూడని దారంతో నేను కుట్టాను," అని పిన్ని సూదిలో వెలిసిన పోగు ఎక్కించింది. ఈసారి ఎవర్నీ అడగలేదు.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. కోటు వెలుతురుకు పట్టి, జేబు పక్కన వేలితో తడిమాడు. ఇంకోసారి తడిమాడు.

"చిల్లు ఇక్కడే కదండీ?"

"వెతక్కు నాయనా, తొడుక్కో," అని పిన్ని కోటు భుజాలు పట్టుకుని అతనికి తొడిగింది.