చుక్కల మధ్య కూర్చున్న మనిషి

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది అది. ఇల్లినాయ్‌లోని అరోరాలో ఒక చిన్న స్టీల్ డీటెయిలింగ్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా పని బయటివాళ్లకు అంతగా తెలియదు. ఏ దూలం ఎక్కడ ఉండాలో ఇంజనీరు చెబుతాడు. మేం ఆ కట్టడాన్ని కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా నిలబెట్టి, ప్రతి దూలం పొడవు, ప్రతి బోల్టు రంధ్రం చూపిస్తూ ఫ్యాబ్రికేషన్ డ్రాయింగులు తీస్తాం. వాటిని బట్టే ఫ్యాక్టరీలో ఇనుము కోస్తారు. మా గీత తప్పితే ఇనుమూ తప్పుతుంది.

అప్పుడు నా చేతిలో ఉన్నది ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్. ఏళ్ల తరబడి మూతబడ్డ ఆ భవనాన్ని అపార్ట్‌మెంట్లుగా మారుస్తున్నారు. మధ్యలో పెద్ద హాలు, దాని చుట్టూ పై అంతస్తు వరండా, రెండింటికీ నడుమ ఒక పక్కగా మెజనైన్, అంటే సగం అంతస్తు. ఆ మెజనైన్‌ని కూల్చేసి అక్కడ కొత్త స్టీల్ మెట్లు పెట్టాలి. పాత డ్రాయింగులు ఎక్కడా దొరకలేదు కాబట్టి లేజర్ స్కాన్ చేయించారు. స్కానర్‌ని స్టాండు మీద పెట్టి వదిలేస్తే అది తనచుట్టూ తాను తిరుగుతూ, కనబడినదాన్నల్లా లక్షల చుక్కలుగా కొలిచి ఇస్తుంది. ఆ చుక్కల రాశిని పాయింట్ క్లౌడ్ అంటాం. దాన్ని మోడల్‌లోకి తెచ్చుకుని, అందులో కనిపించే పాత స్తంభాలకు మా కొత్త దూలాలు కలుపుతాం.

ఒక గురువారం మధ్యాహ్నం, మెట్లను మోసే దూలం ఒకటి మోడల్ చేస్తుంటే దాని దారిలో చుక్కలు గుంపుగా అడ్డొచ్చాయి. పైపేదో అనుకుని వ్యూ తిప్పాను. కుర్చీ. కుర్చీలో ఒక మనిషి వీపు.

వీపు, వంగిన మెడ, ఒక చెవి, అన్నీ బూడిద రంగు చుక్కల్లో. స్కానర్‌కు ఎదురుగా ఉన్న వైపే చుక్కలు పడతాయి, అవతలి వైపు ఏమీ ఉండదు. అది తెలిసి కూడా ముందు వైపుకి తిప్పాను. మొహం ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీలోంచి వీపు లోపలి వైపు కనిపించింది.

మా చెకర్ వెంకట్ గారిని పిలిచాను. నేను గీసినవన్నీ ఆయన తనిఖీ చేశాకే బయటికి వెళ్తాయి. ఆయన కాఫీ కప్పుతో వచ్చి స్క్రీన్‌లోకి వంగి చూశారు.

"బట్టల దుకాణం గద మాధవీ. బొమ్మలుంటయి. దాన్ని డిలీట్ చేసి నీ బీమ్ నువ్వు పెట్టుకో."

నిజమే అనిపించింది. కానీ ఎందుకో చెయ్యి ఆడలేదు. అదే చోటికి ఇంకో స్కాన్ ఉంది. మొదటిసారి స్తంభాల అవతలి వైపు సరిగా రాలేదని, కొన్ని వారాల తర్వాత ఎదుటి వరండా నుంచి మళ్లీ తీశారు. అది కూడా తెరిచాను.

కుర్చీ అక్కడే ఉంది. ఈసారి మొహం కనిపించింది. కళ్ల చోట రెండు నల్లటి గుంటలు. అది స్కానర్ వైపే చూస్తోంది. అంటే, నా వైపు.

రెండు స్కాన్లనీ ఒకదాని మీద ఒకటి పెట్టాను. బొమ్మే అయితే ముందు సగం, వెనక సగం అతుక్కుని ఒకటి కావాలి. కుర్చీ అలాగే అతుక్కుంది, వెంట్రుకవాసి తేడా లేదు. మనిషి మాత్రం అతుక్కోలేదు. మెడ దగ్గర రెండు సగాలూ విడిపోయాయి. తల పక్కకి తిరిగింది. ఇంకా దగ్గరికి వెళ్తే, కుర్చీ అంచులు గీత గీసినట్టు ఉన్నాయి గానీ ఛాతీ దగ్గర చుక్కలు పలచగా చెదిరి ఉన్నాయి. కాస్తయినా కదిలినదాని మీదే చుక్కలు అలా చెదురుతాయి.

"ఊపిరి పీలుస్తున్నట్టుందండీ," అన్నాను.

వెంకట్ గారు కాఫీ కప్పు బల్ల మీద పెట్టి మళ్లీ వంగి చూశారు. తర్వాత మెల్లగా, "సైట్‌కి ఫోన్ చెయ్యి," అన్నారు.

సైట్ సూపరింటెండెంట్ డేవ్ మంచివాడే గానీ ఎప్పుడూ హడావిడిలో ఉంటాడు. నా పేరు పలకలేక మ్యాడీ అంటాడు.

"బొమ్మ అయ్యుంటుంది మ్యాడీ. బేస్‌మెంట్ నిండా అవే."

"ఇది కదిలింది డేవ్."

"ఎలా కదులుతుంది? మెజనైన్ మెట్లు పాడైపోతే చెక్కలు కొట్టి మూసేశాం. స్కాన్ చేసినవాళ్లు కూడా పైకి ఎక్కలేదు. రేపు పొద్దున్నే ఆ స్లాబ్ కోసేస్తున్నాం, ఇప్పుడు నన్ను ఆపకు."

"కోసే ముందు ఒక్కసారి నువ్వే వెళ్లి చూడు. బొమ్మే అయితే ఇంకెప్పుడూ విసిగించను."

అతను గట్టిగా నిట్టూర్చాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. అడుగుల చప్పుడు వినిపించింది, తర్వాత నిచ్చెన ఈడ్చిన శబ్దం, చెక్క ఊడదీసిన శబ్దం. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. నేను స్క్రీన్ మీద ఆ మొహాన్నే చూస్తూ ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాను. అప్పుడు డేవ్ గొంతు వినిపించింది. అది నాతో మాట్లాడే గొంతు కాదు. చాలా మెత్తగా ఉంది.

"మేడమ్, భయపడకండి. నేను ఇక్కడే నిలబడతాను. దగ్గరికి రాను."

వెంకట్ గారు నా పక్క కుర్చీలో కూలబడ్డారు.

ఆవిడకి అరవై దాటి ఉంటాయట. ఉన్న అపార్ట్‌మెంట్ పోయాక, గోడౌన్ వెనక నుంచి మెజనైన్‌లోకి తెరుచుకునే, ఎవరూ పట్టించుకోని ఒక చిన్న తలుపులోంచి లోపలికి వచ్చి అక్కడే ఉంటోంది. మర్నాడు పని ఆపేశారు. సిటీ అధికారులు వచ్చి ఆవిడని ముందు షెల్టర్‌కి, కొన్నాళ్లకి ఒక గదికి మార్చారు.

ఆ తర్వాత బోల్టులు చూడ్డానికి నేను సైట్‌కి వెళ్లినప్పుడు డేవ్ మిగతా సంగతి చెప్పాడు. మనుషుల అలికిడి వింటే ఆవిడ మెజనైన్ మీదే ఉన్న పక్క గదిలోకి తప్పుకునేదట. స్కానర్ వచ్చినప్పుడు మాత్రం అడుగుల చప్పుడు లేదు, స్టాండు మీద ఏదో తిరుగుతోంది అంతే. "కదిలితే కనబడతానని శిల్పంలా కూర్చున్నాను," అందట. రెండోసారి భయం ఆపుకోలేక ఒక్కసారి తల తిప్పి చూసి, మళ్లీ బిగుసుకుపోయిందట.

కానీ యంత్రం తీరు సరిగ్గా దానికి వ్యతిరేకం. కదలకుండా ఉన్నదాన్నే అది పట్టుకుంటుంది. స్కాన్ జరిగేటప్పుడు నడిచే మనుషులు పొగచారల్లా పడతారు. వాటిని చెత్త కింద లెక్కగట్టి సాఫ్ట్‌వేరే తుడిచేస్తుంది, మాదాకా రానివ్వదు. ఆవిడ లేచి వెళ్లిపోయి ఉంటే మాకు ఖాళీ కుర్చీ మాత్రమే కనబడేది. మర్నాడు తెల్లారి కట్టర్లు మొదలయ్యేసరికి ఆవిడ ఆ పక్క గదిలోనే ఉండేది.

"నా గురించి ఏమైనా అడిగిందా?" అన్నాను.

డేవ్, "నువ్వు చూశావని చెప్పాను. సంతోషపడలేదు మ్యాడీ. 'ఎంతసేపు చూసింది?' అని అడిగింది," అన్నాడు.

ఆ మాట మీద నాకు కోపం రాలేదు. ఆవిడ అడిగింది న్యాయమే. తనకి తెలియకుండా తన వీపునీ మెడనీ మొహాన్నీ అటూ ఇటూ తిప్పి చూసినదాన్ని నేను. ప్రాణం కాపాడటానికే అయినా, చూడటం చూడటమే.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి నేనే పని నేర్పుతున్నాను. మోడల్‌లో అడ్డొచ్చిన చుక్కల్ని అవేమిటో తెలియకుండా తుడవొద్దని చెబుతాను. పైపా, తీగా, బొమ్మా, మనిషా అని తేల్చుకున్నాకే ముట్టుకోవాలి. అనుమానం వస్తే ఎవరో ఒకరు వెళ్లి కళ్లతో చూసి రావాలి. మనిషని తేలిపోయాక ఆ చుక్కల్ని తీసేయాలి, ఇంక వాటి వైపు చూస్తూ కూర్చోకూడదు.

డేవ్ ఆ మాట చెప్పిన రోజు సైట్ నుంచి తిరిగొచ్చి నేను చేసిన మొదటి పని కూడా అదే. రెండు స్కాన్లలోనూ ఆవిడ చుక్కల్ని ఒక్కొక్క గుంపుగా ఎంచుకుని, జాగ్రత్తగా, పూర్తిగా తీసేశాను.